పట్టు విడిచిన గడ్డ

పోయిన వారం భాగంలో రేఖను కీమో హాలు గుమ్మంలో వదిలేశాం. రాయదుర్గం మెట్రో స్టేషన్ దాటాక, అద్దాల ఆఫీసుల మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో, ఆమె చిన్నాన్న ఓంకార్ అప్పుడే లిఫ్టు దిగాడు. దిగీ దిగగానే వరండా అంతా వినపడేలా అడిగాడు.

"మందు పేరు చెప్పి మా అన్నకు ఉప్పు నీళ్లు ఎక్కిస్తున్నరంట. నిజమేనా?"

ఆ ప్రశ్నకు జవాబు రేఖకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బోరబండలో రేఖ తండ్రి, టెంట్‌హౌస్ పోచయ్య అంటే తెలియనివాళ్లు లేరు. ఎవరింట్లో పెళ్లి కుదిరినా, ఎవరింట్లో మనిషి పోయినా, చుట్టాల కంటే ముందు కబురు వెళ్లేది ఆయనకే. పందిళ్లు, కుర్చీలు, వంటపాత్రలు ఆయనవి. లైట్లు, మైకులు తమ్ముడు ఓంకార్‌వి. అలాంటి మనిషికి చలికాలంలో కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని పసరు తాగించారు. తగ్గకపోతే స్కాన్ తీయించారు. క్లోమంలో గడ్డ ఉందని తేలింది. అది పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టేసిందని, ఆపరేషన్ కుదరదని సర్జన్ రామబ్రహ్మం ఒక్క ముక్కలో తేల్చేశాడు.

అప్పుడు రేఖే క్యాన్సర్ డాక్టర్ వాసంతిని వెతికి పట్టుకుంది. ఈ రకం గడ్డ చుట్టూ ఒంట్లోనే ఒక గట్టి గోడ కట్టుకుంటుందట. కీమో మందు ఆ గోడ దాటలేక బయటే ఆగిపోతుందట. విటమిన్ డి నుంచి తయారుచేసిన ఒక మందుతో ఆ గోడను మెత్తబరిస్తే కీమో లోపలికి దిగుతుందా అని దేశంలో కొన్ని ఆసుపత్రులు కలిసి పరీక్షిస్తున్నాయి. కీమో అందరికీ ఒకటే. దానితోపాటు సగం మందికి విటమిన్ మందు, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. చీటీలు వేసి తీసినట్టు కంప్యూటరు తీస్తుంది.

ఇంట్లో రేఖ చెప్పింది మొదటి సగమే. "కీమోతోపాటు విటమిన్ మందు ఇస్తరంట" అంది. సెలైన్ మాట మింగేసింది.

ఇప్పుడది ఆసుపత్రి క్యాంటీన్లో ఎవరో పక్క రోగి బంధువు నోటి నుంచి ఓంకార్ చెవిన పడింది.

"నిన్నే బిడ్డా అడుగుతున్న. నీకు ఎరుకనా, కాదా?"

పెళ్లి ఊరేగింపుల్లో మైకు చెడిపోయినా పనికొచ్చే గొంతు ఆయనది. హాల్లో వాలుకుర్చీల్లో కీమో ఎక్కించుకుంటున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఓ నర్సు లేచి నిలబడింది. మూడో కుర్చీలో పోచయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య భాగ్యమ్మ బత్తాయి తొక్క తీస్తోంది.

రేఖ భుజం మీది ల్యాప్‌టాప్ బ్యాగు కిందికి దించింది. అబద్ధం చెప్పే అవకాశం ఇంకా ఉందని ఆమెకు అనిపించింది. కానీ తల్లి తన వంకే చూస్తోంది.

"ఎరుకే కాకా," అంది.

భాగ్యమ్మ చేతిలో బత్తాయి ఆగిపోయింది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏం ఎరుకనే?"

రేఖ చెప్పింది. వరండాలో నిలబడి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఓంకార్ తల అడ్డంగా ఊగుతూనే ఉంది.

"సగం మందికి మందు, సగం మందికి నీళ్లు. మా అన్న ఏ సగంల ఉన్నడో ఎవ్వనికీ తెల్వదు. గిది వైద్యమా, బొమ్మా బొరుసా? సదువుకున్నదానివి, నీకెట్ల మనసొచ్చింది?"

"కాకా, కీమో అయితే ఇస్తున్నరు గదా. అది మామూలుగా ఏడికి పోయినా ఇచ్చేదే..."

"కీమో మాట నా ముందల ఎత్తకు. నాలుగు మెతుకులు తింటే ఆరు మెతుకులు కక్కుతున్నడు మనిషి. నేను చందానగర్ల ఒక దవాఖానల మాట్లాడి వచ్చిన. ఆడ విటమిన్ సీసాలే ఎక్కిస్తరు. కీమో లేదు, ఎంట్రుకలు ఊడుడు లేదు. గ్యారెంటీ అంటున్నరు. కారు కింద పెట్టిన. వదినె, సంచి సదురు. పోదాం."

భాగ్యమ్మ సంచి సర్దలేదు. మరిదికి వద్దనీ చెప్పలేదు. కూతురి మొహంలోకి చూసి, "నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా," అంది.

ఓంకార్ అరిచిన అరుపుల కంటే ఆ మాట రేఖకు గట్టిగా తగిలింది. ఆఫీసులో ఆమె పని టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు దాక్కుంటే బయటికి లాగేదాకా నిద్రపోని పిల్ల. తనే ఒక నిజాన్ని ఇంట్లోనే దాచింది. అడిగితే అమ్మ వద్దంటుందన్న భయం తప్ప దానికి మరో కారణం లేదు.

అంతలో డాక్టర్ వాసంతి వచ్చింది. పొట్టి మనిషి, నేత చీర మీద తెల్లకోటు. కాకినాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయినా మాటలో ఆ ఊరి యాస పోలేదు. నర్సు చెప్పినదంతా దారిలోనే విన్నట్టుంది.

"ఓంకార్‌గారూ, మీరు విన్నది నిజమేనండి," అంది నేరుగా.

ఓంకార్ దేనికి సిద్ధపడి వచ్చాడో ఏమో, ఈ మాటకు మాత్రం కాదు. కాదంటారని, దబాయిస్తారని అనుకుని వచ్చినవాడికి ఎదురుగా గోడ లేకపోయేసరికి తూలినట్టయింది.

"నిజమంటవేందమ్మా? మా అన్నకు ఏదిస్తున్నవో నీకు తెల్వకుంటనే ఇస్తున్నవా?"

"నాకు తెలియకూడదనే అలా పెట్టామండి. తెలిస్తే నా కళ్లు నాకు కావలసిందే చూస్తాయి. మందు వెళ్తున్న మనిషి కాస్త నవ్వితే చాలు, బాగుపడిపోయాడని రాసేసుకుంటాను. సెలైన్ వెళ్తున్న మనిషి నిజంగా కోలుకున్నా నమ్మను. డాక్టర్లం మేమూ మనుషులమేగా."

"మరి విటమిన్ అంత మంచిదైతే అదొక్కటే అందరికీ ఎక్కియ్యిండ్రి. నడుమల కీమో ఎందుకు?"

"విటమిన్ ఒక్కటే ఈ గడ్డను చంపుతుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదండి. చందానగర్‌లో గ్యారెంటీ అన్నవాళ్లు, నయమైనవాళ్లను ఎవరినైనా చూపించారా?"

"ఫోన్ల వీడియోలు చూపించిన్రు."

"స్కాన్లు?"

ఓంకార్ జేబులోని ఫోను తడుముకున్నాడు. కానీ వెనక్కీ తగ్గలేదు. తండ్రి పోయిన నాటికి ఆయన చిన్నవాడు. కడుపు నింపిందీ, పెళ్లి చేసిందీ, లైట్ల వ్యాపారం పెట్టించిందీ అన్నే. ఆ అన్న బట్టతలతో, ఎముకల గూడులా కుర్చీలో వాలి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు. అందుకే అరుపు. రేఖకు అది తెలుసు కాబట్టే ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోతోంది.

"నాకు గవన్నీ తెల్వదమ్మా. ఇయ్యాల మా అన్నను తీస్కపోత."

"అరేయ్ ఓంకార్."

హాల్లోంచి వచ్చింది ఆ పిలుపు. అందరూ తిరిగారు. పోచయ్య కళ్లు తెరిచి ఉన్నాడు. ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాడో.

"ఇటు రా. గా స్టూలు మీద కూసో. దవాఖానల గట్ల ఒర్రుతారురా?"

ఓంకార్ వెళ్లి కూర్చున్నాడు. ఆ గొంతు ఎంత నీరసంగా ఉన్నా, ఆ గొంతుకు ఎదురు చెప్పడం ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు.

"అన్నా, నీకు తెల్వదు, వీళ్లు..."

"తెలుసు. ఉప్పు నీళ్ల ముచ్చటే గద. నాకు మొదటి దినమే ఎరుక."

సంతకం పెట్టిన రోజు తండ్రి ఏమీ వినకుండానే పెన్ను అందుకున్నాడని రేఖ ఇన్నాళ్లూ అనుకుంటోంది.

"బిడ్డ మందుల షాపు కాడికి పోయింది. నేను డాక్టరమ్మను అడిగిన, అమ్మా, మల్లొకసారి నాకు సమజయ్యేటట్టు చెప్పు అని. చెప్పింది. చీటీల నా పేరు ఎటు పడ్తదో దేవునికెరుక అన్నది. ఎటు పడ్డా కీమో అయితే ఉంటదన్నది. నచ్చకుంటే నడుమల ఎప్పుడన్న లేచిపో, ఎవ్వరు ఏమనరన్నది. ఇగ నాకు పోయేదేంది?"

"మరి నాకెందుకు చెప్పలె?" అంది భాగ్యమ్మ.

"నువ్వు పరేషాన్ అయితవని." పోచయ్య కూతురి వంక చూసి నవ్వాడు. నోట్లో పుళ్లు పడి ఉన్నాయి, నవ్వితే నొప్పి. అయినా నవ్వాడు. "ఇది కూడ గందుకే చెప్పలేదనుకుంట. ఒక్క ఇంట్ల ఉండి ఇద్దరం ఒక్కటే దొంగతనం చేసినం."

రేఖకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"గీ చందానగర్ ముచ్చట చెప్త వినురా ఓంకార్. గుంజ పాతేటప్పుడు నేల రాయిలెక్క ఉంటే ఏం చేస్తం? ముందుగాల నీళ్లు పోసి నానబెడ్తం. నానినంక గడ్డపార దిగుతది. ఉత్త నీళ్లు పోసి ఇంటికి పోతే పందిరి నిలవడ్తదా? గడ్డపార వద్దన్నోన్ని నేనెట్ల నమ్మాలె?"

ఓంకార్ తల వంచుకుని నేల చూశాడు. "నువ్వు కక్కుతుంటే చూడలేకపోతున్న అన్నా," అన్నాడు చాలా నెమ్మదిగా. ఆ గొంతు అంత తగ్గగలదని అక్కడెవరికీ తెలియదు.

"కక్కుతున్నది నేను. ఫికర్ నీకెందుకురా? పో, కారోన్ని పంపియ్యి."

వాసంతి అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇప్పుడు దగ్గరికి వచ్చి పోచయ్య కుర్చీ అంచు మీద చేయి పెట్టింది.

"పోచయ్యగారూ, నేను ఈ గొడవ విని రాలేదండి. మొన్న తీసిన మీ స్కాన్ చూసి వస్తున్నాను. రామబ్రహ్మంగారు కింద గదిలో మనకోసం కూర్చున్నారు. డ్రిప్ అయిపోగానే అందరూ రండి. ఓంకార్‌గారు కూడా."

ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. అలా కనబడకుండా ఉంచుకోవడం కూడా ఆ ఉద్యోగంలో నేర్చుకున్నదే కావచ్చు. డ్రిప్ చివరి చుక్క దిగేదాకా రేఖ ఆ మొహాన్నే పదే పదే తలుచుకుంది.

రామబ్రహ్మం మాటల పొదుపు మనిషి. వెంట్రుకలన్నీ నెరిసిపోయాయి. రెండు నెలల కిందట ఇదే గదిలో, ఇదే బల్ల వెనక కూర్చుని "కుదరదమ్మా" అన్నప్పుడు రేఖ ఆయనను మనసులో తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. ఇప్పుడాయన ఎవరినీ పలకరించలేదు. కంప్యూటరు తెరను వాళ్ల వైపు తిప్పి, పక్కపక్కనే రెండు బొమ్మలు పెట్టాడు.

"ఇది అప్పటిది. ఈ తెల్లటిది రక్తనాళం. చుట్టూ ఉన్న బూడిదరంగు గడ్డ. చెయ్యి మణికట్టు పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. లాగితే నాళం చిరుగుతుంది. మనిషి బల్ల మీదే పోతాడు. అందుకే కుదరదన్నాను."

పెన్ను రెండో బొమ్మ మీదికి జరిగింది.

"ఇది మొన్నటిది. గడ్డ సగానికి తగ్గింది. అంతకంటే ముఖ్యం, ఇక్కడ చూడండి."

రేఖ వంగి చూసింది. తెల్లటి నాళానికీ బూడిదరంగు ముద్దకూ మధ్య సన్నటి నల్లగీత. జుట్టుపోగంత.

"పట్టు విడిచింది," అన్నాడు రామబ్రహ్మం. "నేను కుదరదన్నాను. ఇప్పుడు కుదురుతుందంటున్నాను."

భాగ్యమ్మకు బొమ్మలు అర్థం కాలేదు. మాట అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పూర్తిగా చెప్తాను, వినండి. పెద్ద ఆపరేషన్. క్లోమం తల భాగం, పిత్తాశయం, పేగు మొదటి ముక్క తీసేసి, మిగిలినవి మళ్లీ అతకాలి. కోసి చూశాక స్కాన్లో కనబడనిది ఏదైనా ఉంటే, ఏమీ తీయకుండా మూసేస్తాను. ఆ మాట నేను బయటికొచ్చి చెప్పాల్సి రావచ్చు. చెప్పినప్పుడు నన్ను కొట్టకూడదు." ఆ చివరి మాట ఓంకార్ వైపు చూసి అన్నాడు.

ఓంకార్ మాత్రం ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "అంటే విటమిన్ మందు పడ్డట్టేనా మా అన్నకు? గా గోడ మెత్తగైనట్టేనా?"

రేఖ కూడా అదే అడగబోయింది. ఆమెకు అవుననిపించుకోవాలని ఎంత ఉందో. అవునంటే తను చేసింది ఒప్పవుతుంది, దాచింది మాఫీ అవుతుంది.

వాసంతి తల అడ్డంగా ఊపింది. "కీమో పనిచేసిందండి. అది మాత్రం చెప్పగలను. విటమిన్ వెళ్లిందో లేదో తెలియదు. సెలైన్ వెళ్లినవాళ్లలోనూ ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఒక్క మనిషిని చూసి నిర్ణయిస్తే, చందానగర్ వాళ్లకీ నాకూ తేడా ఏముంది?"

పోచయ్య గడ్డం నిమురుకున్నాడు. అలవాటు కొద్దీ నిమిరాడు గానీ, అక్కడ గడ్డం లేదు.

"డాక్టర్‌సాబ్, నువ్వు ఎన్ని చేసినవు గిసుంటియి?"

"లెక్క పెట్టడం మానేశాను."

"అయితే చెయ్యి. పందిరి కట్టేటోడు కూడ లెక్క పెట్టుడు మానేసినంకనే మంచిగ కడ్తడు."

రామబ్రహ్మం నవ్వగా రేఖ చూడటం అదే మొదలు.

ఒంట్లో కాస్త బలం రావాలని కొన్ని వారాలు ఆగారు. భాగ్యమ్మ రాగి జావ, గుడ్లు, పప్పుచారు అంటూ గంటకోసారి ఏదో ఒకటి పెట్టింది. ఓంకార్ రోజూ వచ్చి అన్న తిన్నాడా లేదా అని పళ్లెం చూసి పోయేవాడు. చందానగర్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆపరేషన్ నాడు పొద్దున్నే ఆసుపత్రి కింద రెండు ట్రాలీ ఆటోలు ఆగాయి. పందిళ్ల కర్రలు మోసే బండ్లవి. వాటిలోంచి బోరబండ టెంట్‌హౌస్ పనివాళ్లు దిగారు, వాళ్ల వెనక ఓంకార్. రక్తం అవసరం పడొచ్చని చెప్పారట. ఆయనకు ఎన్ని సీసాలో అడగాలని తోచలేదు. ఉన్నవాళ్లందరినీ ఎక్కించుకొచ్చాడు. బ్లడ్ బ్యాంకు అమ్మాయి ఆ వరసను చూసి, "ఇంతమంది ఎందుకండీ?" అని కంగారు పడింది.

"ఉండనియ్యి తల్లీ. మా సేట్‌కు పనికిరాకుంటే ఇంకోనికి పనికొస్తది," అన్నాడు వాళ్లలో పెద్దాయన, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ.

స్ట్రెచర్ లోపలికి వెళ్లేముందు పోచయ్య కూతుర్ని దగ్గరికి పిలిచాడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకుంది. "మీ కాకకు ఇడ్లీ తినిపియ్యి. పొద్దుగాల సంది ఏం తినలె," అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

ఎదురుచూపుల హాల్లో చల్లటి ఏసీ, గోడకు మూగ టీవీ. భాగ్యమ్మ ఒక కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. తొందరగా మూసేస్తే చెడ్డ కబురు, ఆలస్యమైతే మంచి కబురు అని రేఖకు వాసంతి ముందే చెప్పింది. అందుకే తలుపు తెరుచుకున్నప్పుడల్లా, ఇంకా కాదు, ఇంకా రావద్దు, అని లోపల అనుకునేది. డాక్టరు రాకూడదని మొక్కుకున్న కూతుళ్లు ఎందరుంటారు?

చాలాసేపటికి భాగ్యమ్మ నోరు తెరిచింది.

"నాకు చెప్తే నేను వద్దంటుంటి. గందుకే చెప్పలె నువ్వు. అవునా?"

"అవునమ్మా."

"వద్దనే అంటుంటి. నేను వద్దంటే మీ నాయిన ఇయ్యాల గీ తలుపు లోపలికి పోకపోతుండె. అది నాకు ఎరుకైంది. అయినా బిడ్డా, ఇగ మీద చెప్పు. నేను వద్దన్నా సరే, కొట్లాడి మరీ చెప్పు. సగం ముచ్చట చెప్పి నన్ను ఉత్తదాన్ని చెయ్యకు."

రేఖ తల్లి భుజం మీద తల ఆనించింది. ఎన్నాళ్లయిందో అలా ఆనించి.

మధ్యాహ్నం దాటింది. టీవీలో వార్తలు మారాయి. ఓంకార్ తిన్న ఇడ్లీ అరగక మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. రామబ్రహ్మం మాస్కు కిందికి లాగి, ఆకుపచ్చ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. చెమటకు మొహం కడిగినట్టుంది.

తల్లీకూతుళ్లు లేచారు, ఓంకార్ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"వచ్చేసిందమ్మా," అన్నాడాయన. "మొత్తం వచ్చేసింది. నాళం మీద నుంచి దానంతటదే ఊడొచ్చింది. ఉల్లిపొర ఒలిచినట్టు. అంచులు అప్పటికప్పుడు పరీక్షకు పంపాను, ఎక్కడా ఏమీ మిగల్లేదు."

ఓంకార్ కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా వెనక్కి కూలబడ్డాడు. కుర్చీ లేదు. నేల మీద అలాగే కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, పెళ్లిపందిళ్లలో మోగే ఆ గొంతుతోనే బాహాటంగా ఏడ్చాడు. భాగ్యమ్మ ఏడవలేదు. సర్జన్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆయన వద్దు వద్దంటున్నా వదల్లేదు. రేఖ అద్దాల గోడ వైపు నడిచింది. కింద మెట్రో ఒకటి స్టేషన్లోకి వస్తోంది. ఆఫీసుల జనం ఎవరి ఫోన్లలో వాళ్లు మునిగి రోడ్డు దాటుతున్నారు. వాళ్లలో ఎవరినైనా ఆపి, మా నాయిన గడ్డ ఊడొచ్చిందని చెప్పాలనిపించింది.

ఆ తర్వాత జరిగినవన్నీ చిన్న చిన్న గెలుపులు. గొట్టాలు ఒక్కొక్కటీ ఊడాయి. పోచయ్య ఫిజియోథెరపీ అమ్మాయి చెయ్యి పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మర్నాడు చెయ్యి వదిలించుకుని నడిచాడు. తీసిన గడ్డను ల్యాబ్‌లో కోసి చూస్తే అందులో చాలా భాగం చచ్చిన కణాలే ఉన్నాయట. అది చెప్పడానికి రామబ్రహ్మం తన రౌండ్స్ సమయం కాకపోయినా గదికి వచ్చాడు. "నా సర్వీసులో ఇలాంటిది తక్కువ చూశాను," అన్నాడు. అంతకంటే పెద్ద పొగడ్త ఆయన నోట వినలేదని నర్సులు చెప్పుకున్నారు.

వాసంతి మాత్రం ఒక మాట గుర్తుచేసింది. గడ్డ పోయిందని చికిత్స పోదు. ఎక్కడైనా ఒకటీ అరా కణం దాక్కుని ఉంటుందేమోనని మరికొన్నిసార్లు కీమో ఎక్కించాలి. దానితోపాటు ఆ రెండో సీసా కూడా, విటమినో సెలైనో, ఇదివరకటిలాగే.

"ఎక్కియ్యి తల్లీ. అలవాటైపోయింది," అన్నాడు పోచయ్య.

ఆయన ఇంటికి వచ్చిన సాయంత్రం బోరబండ గల్లీ గల్లీలా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు పందిరి, పందిరి నిండా ఓంకార్ లైట్లు. ఇంకా చీకటి పడకముందే వెలిగించేశాడు. పెద్ద గిన్నెల్లో బగారా అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్లు హారతి పళ్లెంతో నిలబడ్డారు. ఆటో దిగిన పోచయ్య హారతి కోసం ఆగలేదు. పందిరి అంచుకు నడిచి ఒక తాడు పట్టి లాగి చూశాడు.

"ఎవడురా ఇది కట్టింది? గాలొస్తే ఎగిరిపోతది. నేను లేనని గిట్ల కడ్తారా?"

గల్లీ అంతా ఘొల్లుమంది. పనివాళ్లలో ఒకడు చేతులెత్తి ముందుకొచ్చాడు. మనిషి తిరిగొచ్చాడని హారతి కంటే ఆ తిట్టే గట్టిగా చెప్పింది. ఆయనను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. ముసలివాళ్లు వచ్చి తల నిమిరి పోతున్నారు. ఓంకార్ ఒక్కొక్కరికీ ఆ స్కాన్ కథ చెబుతున్నాడు. ఆయన చెప్పే కథలో ఆ నల్లగీత చిటికెన వేలంత లావైంది. ఇంకో నాలుగు రోజులు పోతే జానెడవుతుందని రేఖకు నమ్మకం కుదిరింది. భాగ్యమ్మ వడ్డన మధ్యలో కూతుర్ని పట్టుకుని ముందు నువ్వు తిను అని విస్తరి ముందు కూర్చోబెట్టింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా రేఖ ఫోన్ మోగింది. డాక్టర్ వాసంతి. డిశ్చార్జ్ అయిన రోజున డాక్టరు ఫోన్ చేయడం మామూలేననుకుని ఎడమచేత్తో ఎత్తింది.

"మేడమ్, అందరం మిమ్మల్నే తలుచుకుంటున్నం. నాయిన అప్పుడే తాళ్లు..."

"రేఖా, కాస్త పక్కకు రామ్మా."

ఆ గొంతులో ఎప్పుడూ ఉండే తాపీ లేదు. రేఖ లేచి, చెయ్యి కడుక్కోకుండానే ఇంటి అరుగు మీదికి వచ్చింది.

"ఇప్పుడే ఢిల్లీ నుంచి కబురొచ్చింది. మన ట్రయల్ అన్ని ఆసుపత్రుల్లోనూ ఈ పూట నుంచే ఆపేయమన్నారు. కొత్తవాళ్లను చేర్చుకోవద్దు, ఉన్నవాళ్లకు రెండో సీసా ఎక్కించొద్దు అన్నారు."

"ఎందుకు మేడమ్?"

"నాకింకా చెప్పలేదు. లెక్కలు చూసే కమిటీ వేరే ఉంటుంది. ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకొక్కరికే తెలుసు. ఇలా మధ్యలో ఆపడానికి రెండే కారణాలుంటాయమ్మా. మందు ఎంత బాగా పనిచేస్తోందంటే, మిగతా సగం మందికి ఇవ్వకపోవడం పాపం అనిపించినప్పుడు ఆపుతారు. లేదంటే..."

గల్లీలో ఎవరో పాట పెట్టారు. ఆ మోత తగలకుండా రేఖ రెండో చెవిని అరచేత్తో మూసుకుంది.

"లేదంటే, మేడమ్?"

"ఆ మందు వల్ల ఎవరికో పెద్ద హాని జరిగినప్పుడు. అది వెళ్లినవాళ్లందరినీ వెంటనే వెనక్కి పిలిపించాల్సి వచ్చినప్పుడు." అవతల కాగితాల చప్పుడు, ఎవరో ఆమెను పిలుస్తున్న చప్పుడు. "పోచయ్యగారికి ఏది వెళ్లిందో చీటీ విప్పి చెప్పడానికి అనుమతి వచ్చింది. ఇదిగో, ఇప్పుడే నా ముందు తెర మీద తెరుచుకుంటోంది. ముందు నీకు చెప్పనా, లేక..."

రేఖ తలెత్తింది. పందిరి కింద కుర్చీలోంచి తండ్రి ఆమెనే చూస్తున్నాడు. ఎప్పటి నుంచి చూస్తున్నాడో. చెయ్యెత్తి పాట ఆపమని సైగ చేశాడు. పాట ఆగిపోయింది. కుర్చీ చేతులు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి, అరుగు దాకా నడిచి వచ్చాడు.

"డాక్టరమ్మేనా? ఇటియ్యి బిడ్డా," అన్నాడు చెయ్యి చాపి. "నా ముచ్చట నాకే చెప్పమను."

రేఖ ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"పోచయ్యగారూ," అంది వాసంతి గొంతు. "ముందు కూర్చోండి. కూర్చున్నాక చెప్తాను."

(ఇంకా ఉంది)